గోల్‌కీపరు లెవ్ యాషిన్

ఫుట్‌బాల్ ఆటలో జట్టునకు 11 మంది ఆటగాండ్రు. అందు పదిమంది మైదానమంతయు పరుగులిడుచు, బంతిని కాలితోను తలతోను ఆడుచుందురు. పదునొకండవవాడు గోలు ముందు నిలుచును. 24 అడుగుల వెడల్పును, 8 అడుగుల ఎత్తును గల ఆ ద్వారమును కాచుట అతని పని. ద్వారమెదుట గీచిన హద్దులో బంతిని చేతితో పట్టు హక్కు అతనికొక్కనికే కలదు. తక్కినవారి దుస్తులది ఒక రంగైనచో, అతని దుస్తులది వేరొక రంగు. అతడే గోల్‌కీపరు.

ఈ ప్రత్యేకమైన హక్కుతోబాటు ప్రత్యేకమైన కష్టమొకటి అతనికి సంక్రమించినది. ముందు వరుస ఆటగాడు పదిసార్లు గురి తప్పి, పదునొకండవసారి గోలు చేసినచో జనులతనిని భుజములపై నెత్తుకొందురు. గోల్‌కీపరు పది బంతులనాపి, పదునొకండవదానిని విడిచినచో, ఆ యొక్కటియే అందరికిని జ్ఞాపకముండును. ఇతరుల పొరపాటును దిద్దుటకు వారి వెనుక మరియొకడుండును. గోల్‌కీపరు వెనుక వల తప్ప మరేమియు లేదు. అట్టి చోట ఇరువది సంవత్సరములు నిలిచి, ఆ స్థానమునకే క్రొత్త గౌరవము తెచ్చిన మహాక్రీడాకారుడు లెవ్ యాషిన్. అతడెన్ని బంతులనాపెనో లెక్కించుటకంటె, పడిన గోళ్ల బరువును ఎట్లు మోసెనో తెలిసికొనుట మనకెక్కువ ప్రయోజనకరము.

యాషిన్ 1929 అక్టోబరు 22వ తేదీన మాస్కో నగరములో జన్మించెను. అతని తండ్రి ఇవాన్ కర్మాగారములో పనివాడు. తల్లి అతని పసితనముననే మరణించెను. ఆ పేటలోని బాలురందరివలెనే లెవ్ వేసవిలో వీధులందు బంతి తన్నుచు, శీతకాలమున గడ్డకట్టిన మంచుపై హాకీ ఆడుచు పెరిగెను.

1941 జూన్ నెలలో జర్మనీ సేనలు సోవియట్ యూనియన్‌పై దండెత్తినవి. శత్రువులు మాస్కోను సమీపించుచుండగా, అచ్చటి కర్మాగారములను యంత్రములతోను పనివారితోను తూర్పు ప్రాంతములకు తరలించిరి. ఇవాన్ కుటుంబము వోల్గా నదీతీరమునగల ఉల్యానోవ్‌స్క్ ప్రాంతమునకు చేరెను. మగవారనేకులు యుద్ధరంగమునకు పోవుటచే కర్మాగారములలో పనిచేయువారు కరవైరి. లెవ్ బడి విడిచి, బాల్యము గడువకముందే తండ్రితోబాటు యుద్ధసామగ్రి తయారగు కర్మాగారములో పనికి కుదిరెను. చాలని తిండి, ఎముకలు కొరుకు చలి, తెల్లవారుజామున లేచి యంత్రము ముందు నిలుచుట, ఇది అతని దినచర్య. పొగత్రాగు చెడ్డ అలవాటు కూడ ఆ రోజులలోనే అతనికి అంటుకొనెను. అది జీవితాంతము అతనిని విడువలేదు.

1944లో ఆ కుటుంబము మాస్కోకు తిరిగి వచ్చెను. లెవ్ మరల కర్మాగారములో పనిచేయుచు, సాయంకాలములందు కర్మాగారపు జట్టులో ఫుట్‌బాలాడుచుండెను. కాని, చిన్ననాటనుండి ఓర్చుకొనిన శ్రమ అతని మనస్సులో పేరుకొనియుండెను. పదునెనిమిదేండ్ల ప్రాయమున అది ఒక్కసారిగా బయటపడెను. అతనికి దేనియందును ఆసక్తి లేకపోయెను. ఎవరితోను మాటలాడ మనసొప్పలేదు. కడకు ఇల్లు విడిచెను. పనికి పోవుటయు మానెను. అనుమతి లేక కర్మాగారము విడుచుట ఆ కాలమున ఆ దేశములో శిక్షింపదగిన నేరము. దారి తోచని ఆ స్థితిలో, గడువునకు ముందే సైన్యమున చేరుమని తెలిసినవారు సలహా యిచ్చిరి. అతడట్లే చేసెను. సైనిక జీవితములోని క్రమశిక్షణ అతని మనస్సును మెల్లమెల్లగా కుదుటపరచెను.

సైనికుల జట్టులో గోలు కాచుచున్న ఈ పొడగరి యువకుడు అర్కాడీ చెర్నిషోవ్ అను శిక్షకుని కంటబడెను. ఆయన యాషిన్‌ను 1949లో మాస్కోలోని ప్రసిద్ధమగు డైనమో సంఘపు యువకుల జట్టునకు చేర్చుకొనెను. ఆ దేశమున అప్పుడు ఆటను వృత్తిగా పేర్కొనుట లేదు. ఆటగాండ్రు ఏదో యొక సంస్థలోని ఉద్యోగులుగ లెక్కింపబడుచుండిరి. అయినను అభ్యాసమును పోటీలును వారి దినములను పూర్తిగ నింపుచుండెను. అది మొదలు యాషిన్ జీవితమంతయు డైనమోతోనే ముడిపడియుండెను. అతడు వేరొక సంఘమున ఎన్నడును ఆడలేదు.

డైనమో జట్టు ప్రధాన గోల్‌కీపరు అప్పుడు అలెక్సీ ఖోమిచ్. 1945లో జట్టు బ్రిటన్‌లో పర్యటించినపుడు, అచ్చటి ప్రేక్షకులు అతని దూకుడుచూచి పెద్దపులియని పిలిచిరి. అంతటివాని నీడలో నిలిచిన కుఱ్ఱవానికి 1950వ సంవత్సరపు ఆరంభమున ఒక స్నేహపూర్వకమైన ఆటలో అవకాశము వచ్చెను. ఎదుటిజట్టు స్టాలిన్‌గ్రాడ్ నగరమునుండి వచ్చినది. ఆ జట్టు గోల్‌కీపరు తన గోలునుండి బంతిని బలముగా తన్నెను. గాలి బంతిని మైదానమున ఆ చివరనుండి ఈ చివరకు కొనివచ్చెను. బంతిపై చూపునిలిపి ముందునకు పరుగెత్తిన యాషిన్ తన జట్టువానినే ఢీకొని క్రిందపడెను. బంతి ఖాళీగానున్న గోలులోనికి పోయెను. గోల్‌కీపరు తన్నిన బంతికి గోల్‌కీపరు ఓడుట చూచి పెద్ద ఆటగాండ్రు పకపక నవ్విరి. ఆ యేడు లీగు పోటీలలో అతనికి దొరకినవి రెండు ఆటలు మాత్రమే. వానిలోను అతడు తడబడెను. పిమ్మట 1953వ సంవత్సరము వరకు లీగు ఆటలలో అతనికి చోటు లేదు.

ఇరువదియేండ్ల యువకునకు ఆ మూడు సంవత్సరములు సామాన్యమైన పరీక్ష కాదు. అతడు సంఘము విడువలేదు, ఎవరిని నిందింపలేదు. ఖోమిచ్ ఎట్లు నిలుచునో, ఎప్పుడు కదలునో గమనించుచు, తక్కినవారు మైదానము విడిచిన పిదపగూడ అభ్యాసము చేయుచుండెను. శీతకాలమున డైనమో మంచు హాకీ జట్టుకు గోల్‌కీపరుగా నిలిచెను. మంచు హాకీలో ఆడు చక్రము చిన్నది, వేగము మిక్కుటము. కంటికి చిక్కని దానిని ఆపవలెనన్నచో, అది బయలుదేరక పూర్వమే కొట్టువాని చేతి కదలికనుబట్టి దాని దారి గ్రహింపవలెను. ఈ విద్య అతనికి మిగుల ఉపకరించెను. 1953లో అతని జట్టు సోవియట్ మంచు హాకీ కప్పును గెలిచెను. అయినను ఫుట్‌బాల్ జట్టులో చోటు దొరకినంతనే అతడు హాకీని విడిచి, తన హృదయమునకు దగ్గరైన ఆటనే ఎన్నుకొనెను.

అంతవరకు గోల్‌కీపర్లనేకులు గోలుగీతపైననే నిలిచి, తమవద్దకు వచ్చిన బంతిని మాత్రమే ఆపుచుండిరి. యాషిన్ అపాయము గోలువరకు రాకముందే దానిని తుదముట్టింపవలెనని తలచెను. శత్రుజట్టు బంతిని ముందునకు పంపగానే అతడు గోలు విడిచి దూసుకొనిపోయి దానిని అందుకొనుచుండెను. బంతిని పట్టుట కష్టమైనచో పిడికిటితో దూరముగ గ్రుద్దుచుండెను. అవసరమైనచో హద్దు దాటి కాలితోను తన్నుచుండెను. తన ముందున్న రక్షణవరుస ఆటగాండ్రకు ఎచ్చట నిలువవలెనో, ఎవరిని అడ్డగింపవలెనో ఆటయంతయు కేకలు వేసి చెప్పుచుండెను. మైదానమంతయు ఒక్క చూపులో కనబడునది గోల్‌కీపరుకే గదా! బంతి చేతికి దొరకగనే ఆలసింపక, ఖాళీగానున్న తన జట్టువానికి విసరి ఎదురుదాడికి నాంది పలుకుచుండెను. నేడు గోల్‌కీపర్లందరును నేర్చుకొను ఈ పద్ధతులు నాడు క్రొత్తవి. నలుపువలె కనబడు ముదురు రంగు దుస్తులును, పొడవైన చేతులును చూచి జనులతనికి నల్లని సాలెపురుగని ముద్దుపేరు పెట్టిరి.

1954 సెప్టెంబరులో స్వీడన్‌తో జరిగిన ఆటలో యాషిన్ తొలిసారిగ దేశపు జట్టులో నిలిచెను. ఆ ఆటలో సోవియట్ జట్టు 7 గోళ్లతో గెలిచెను. యాషిన్ ఒక గోలునైనను పడనీయలేదు. 1956లో మెల్‌బోర్న్ నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగెను. ఆ ఫుట్‌బాల్ పోటీలు భారతీయులకును గర్వకారణమైనవి. హైదరాబాదు వాసియగు సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో మన జట్టు ఆస్ట్రేలియాను 4–2 గోళ్లతో ఓడించి, ఉపాంత్య పోటీకి చేరెను. హైదరాబాదులో జన్మించిన గోల్‌కీపరు పీటర్ తంగరాజ్ ఆ జట్టులోని వాడే. ఉపాంత్య పోటీలో మనవారిని ఓడించిన యుగోస్లావియా జట్టును తుదిపోటీలో 1–0 గోలుతో ఓడించి సోవియట్ జట్టు స్వర్ణపతకము గెలిచెను. ఆనాడు గోలు కాచినవాడు యాషిన్. 1960లో మొట్టమొదటిసారిగ జరిగిన ఐరోపా దేశముల కప్పు తుదిపోటీలో, పారిస్ నగరమున, అదే యుగోస్లావియాను 2–1 గోళ్లతో గెలిచినపుడును అతడే గోలు కాచెను.

ఇట్లు కీర్తి శిఖరమున నున్నవానికి 1962వ సంవత్సరము అగ్నిపరీక్షయైనది. ఆ యేడు ప్రపంచ కప్పు పోటీలు దక్షిణ అమెరికాలోని చిలీ దేశమున జరిగెను. కొలంబియాతో ఆడిన ఆటలో సోవియట్ జట్టు 4–1 గోళ్లతో ముందుండియు, తుదకు 4–4తో సమముగ ముగించెను. కొలంబియా చేసిన గోళ్లలో ఒకటి, మైదానపు మూలనుండి తన్నిన బంతి నేరుగా గోలులో పడగా వచ్చినది. పురుషుల ప్రపంచ కప్పు చరిత్రలో అట్టి గోలు మరియొకటి లేదు. పిమ్మట క్వార్టర్ ఫైనల్‌లో చిలీ జట్టు దూరమునుండి కొట్టిన రెండు బంతులతో సోవియట్ జట్టును 2–1 గోళ్లతో ఓడించెను.

మాస్కో ప్రజలలో ఆ ఆటను కన్నులార చూచినవారు లేరు. అప్పుడా దూరదేశమునుండి ఆటను ప్రత్యక్షముగ చూపు వసతి లేదు. పత్రికలలో వచ్చిన కొలది పంక్తులే వారికాధారము. ఓటమికి గోల్‌కీపరే కారకుడని ఆ పంక్తులు తెలిపెను. ముందువరుసవారు ఎన్ని అవకాశములు పోగొట్టుకొనిరో, రక్షణవరుసవారు ఎచ్చట ఏమరిరో విచారించువారు లేకపోయిరి. పదునొకండుగురి ఓటమి ఒక్కని తలపై పడెను. యాషిన్ ఇంటికి తిరిగి వచ్చి మైదానమున అడుగిడగనే, పేరు వినబడినంత మాత్రముననే జనులు ఈలలు వేసి అవమానించిరి. అతని యింటి కిటికీ అద్దములు పగులగొట్టిరి. బెదిరింపు లేఖలు వచ్చెను. వయస్సప్పటికి ముప్పది రెండు దాటినది. ఇక ఆట విడుచుటయే మేలని అతడు తలపోసెను.

గోలు పడినందుకు బాధపడనివాడు గోల్‌కీపరు కాజాలడని యాషిన్ అభిప్రాయము. తప్పు ఎచ్చట జరిగినదో మనస్సులో మరలమరల చూచుకొనుట అతని స్వభావము. ఆ బాధయే అతనిని అభ్యాసమునకు పురికొల్పుచుండెను. కాని బాధ హద్దుమీరినచో చేతులను కట్టివేయును. గడచిన గోలును తలచుచు నిలిచినవాడు రానున్న బంతిని చూడజాలడు. ఈ రెంటినడుమ నిలుచుటయే గోల్‌కీపరుకు మిగుల కష్టమైన విద్య. అతని మనఃస్థితి నెరిగిన శిక్షకులు కొంతకాలము అతనిని ఆటకు దూరముగ నుంచిరి. యాషిన్ పట్టణము విడిచి పల్లెప్రాంతమునకు పోయి, నదీతీరమున గాలము వేసికొని చేపలు పట్టుచు కాలము గడిపెను. మనస్సు తేటపడిన పిదప, ఎవరికిని సమాధానములు వ్రాయక, ఎవరితోను వాదింపక అభ్యాసమునకు తిరిగి వచ్చెను. మొదట ఇతర నగరములలో జరుగు ఆటలలో నిలిచెను. క్రమముగ మాస్కోలోను నిలిచెను. ఈలలు సన్నగిల్లినవి.

1963వ సంవత్సరమున అతడు లీగు పోటీలలో 27 ఆటలాడి, పడనిచ్చిన గోళ్లు ఆరు మాత్రమే. డైనమో జట్టు విజేతయయ్యెను. ఆ యేటి అక్టోబరు 23వ తేదీన ఇంగ్లాండు ఫుట్‌బాల్ సంఘపు శతవార్షికోత్సవ సందర్భమున, లండన్‌లోని వెంబ్లీ మైదానములో ఇంగ్లాండు జట్టునకును ప్రపంచ జట్టునకును పోటీ జరిగెను. ప్రపంచ జట్టు గోల్‌కీపరుగా యాషిన్ ఎన్నుకొనబడెను. మొదటి సగమంతయు అతడు ఇంగ్లాండువారి దాడులన్నిటిని ఆపి, ఒక గోలునైనను పడనీయలేదు. కొలదిదినములకే రోమ్ నగరములో ఇటలీతో జరిగిన ఆటలో, ప్రసిద్ధుడగు మజ్జోలా తన్నిన పెనాల్టీని ఆపెను. పెనాల్టీని 12 గజముల దూరమునుండి తన్నుదురు. కొట్టువానికిని గోలునకును మధ్య గోల్‌కీపరొక్కడే యుండును.

ఆ సంవత్సరాంతమున, ఐరోపాలో సర్వోత్తమ ఆటగానికి ఒక ఫ్రెంచి పత్రిక యొసగు బంగారుబంతి బహుమానము యాషిన్‌కు లభించెను. అదివరకు దానిని పొందినవారెవరును గోల్‌కీపర్లు కారు. ఆ తరువాత ఇంత కాలము గడచినను, పురుషులలో మరియొక గోల్‌కీపరుకు ఆ గౌరవము దక్కలేదు. ఏడాదిన్నర క్రితము ఏ నగరము అతనిని ఈలలతో తరిమెనో, ఆ నగరమే అతనిని చూచి గర్వించెను.

1966లో ఇంగ్లాండులో జరిగిన ప్రపంచ కప్పు పోటీలలో, ముప్పది యారేండ్ల వయస్సున యాషిన్ గోలు కాచుచుండగా సోవియట్ జట్టు నాల్గవ స్థానము పొందెను. మరుసటి యేడు ప్రభుత్వము అతనికి లెనిన్ పతకమొసగి గౌరవించెను. డైనమో జట్టు అతని కాలమున ఐదుసార్లు లీగు విజేతయై, మూడుసార్లు సోవియట్ కప్పు గెలిచెను. ఆ జట్టు తరఫున అతడాడిన లీగు ఆటలు 326. దేశము తరఫున ఆడినవి 74. 1971 మే 27వ తేదీన మాస్కోలోని లెనిన్ మైదానములో అతని వీడ్కోలు ఆట జరిగెను. దానిని చూచుటకు సుమారు లక్షమంది కూడిరి. ఇంగ్లాండునుండి బాబీ చార్ల్‌టన్, పోర్చుగల్ నుండి యుసేబియో మొదలగు మేటి ఆటగాండ్రు వచ్చి ఆడిరి. వీరిలో కొందరు పూర్వము అతనికి గోళ్లు కొట్టినవారే. ఆట నడుమ యాషిన్ తన చేతితొడుగులను పిల్గూయ్ అను యువ గోల్‌కీపరుకు అప్పగించి మైదానము వెడలెను. ఒకప్పుడు ఖోమిచ్ నీడలో నిలిచి నేర్చుకొనినవాడు, నేడు మరియొక యువకునకు చోటిచ్చెను.

ఆట విడిచిన పిదపగూడ అతడు డైనమో సంఘమున పనిచేసెను. కాని, ఆరోగ్యము క్షీణించెను. రక్తనాళముల వ్యాధి ముదిరి అతని కాలొకటి తొలగింపవలసి వచ్చెను. గోలునకు అడ్డముగ గాలిలో ఎగిరిన మనిషి ఊతకర్రలతో నడువవలసివచ్చెను. అతడు దీనిని గూడ ధైర్యముతో సహించి, ఆటగాండ్ర నడుమ తిరుగుట మానలేదు. భార్య వలెంతీనా కడవరకు అతనికి తోడునీడయై యుండెను. 1990 మార్చి 18వ తేదీన ప్రభుత్వము అతనికి శ్రమవీరుడను అత్యున్నత బిరుదమొసగెను. అది లభించిన రెండు దినములకే, మార్చి 20వ తేదీన, అరువదవ యేట అతడు పరమపదించెను.

మరుసటి యేడు సోవియట్ యూనియన్ అంతరించినది. యాషిన్ పేరు మాత్రము నిలిచినది. 1994వ సంవత్సరపు ప్రపంచ కప్పు పోటీలలో ఉత్తమ గోల్‌కీపరుకు ఇచ్చు బహుమానమునకు అతని పేరు పెట్టిరి. అతనికి బంగారుబంతి నొసగిన పత్రికయే 2019 నుండి యేటేట ఒక మేటి గోల్‌కీపరుకు యాషిన్ పేరిట బహుమానమిచ్చుచున్నది. 2018లో రష్యాలో ప్రపంచ కప్పు పోటీలు జరిగినపుడు, వాని ప్రకటన చిత్రముపై బంతికై చేయిచాచి ఎగురుచున్న యాషిన్ రూపమునే ముద్రించిరి.

మనలో ప్రతివానికిని ఏదో యొకనాడు పదిమంది చూచుచుండగా తప్పు చేయవలసి వచ్చును. చేయని తప్పునకు నింద మోయవలసి వచ్చుటయు కలదు. అట్టి వేళ యాషిన్‌ను తలచుకొనవలెను. స్టాలిన్‌గ్రాడ్ జట్టు ముందు క్రిందపడిన యువకుడు నవ్వులకు వెరచి పారిపోయినను, చిలీ నుండి తిరిగివచ్చిన వీరుడు ఈలలకు జడిసి ఆట విడిచినను, లోకమతనిని ఎరిగియుండెడిది కాదు. ప్రతి గోలు పడిన పిదప గోల్‌కీపరు చేయవలసిన పని యొకటి కలదు. వలలోని బంతిని తీసి, మైదానపు నడుమకు పంపి, మరల తన చోటికి వచ్చి నిలువవలెను. యాషిన్ జీవితమంతయు చేసినది ఇదియే.